ఛైర్మన్ గారు ఎగరేసిన విమానం

ఈమధ్య మా వీధిలో ఒక పెళ్లికి వెళ్లాను. పెళ్లికొడుకు మీద పూలు చల్లడానికి డ్రోన్ వచ్చింది. దాన్ని నడిపే కుర్రాడు పక్కవాడితో క్రికెట్ గురించి మాట్లాడుతూ, మధ్యమధ్యలో ఆవలిస్తూ నడుపుతున్నాడు. పందిట్లో తల పైకెత్తి చూసినవాణ్ని నేనొక్కణ్నే. మిగతావాళ్లందరూ విస్తళ్లు ఎప్పుడు వేస్తారా అని చూస్తున్నారు.

మీకిప్పుడు అది ఫ్యాను తిరిగినంత మామూలు. అందుకే ఈ సంగతి మీలాంటి కుర్రాళ్లకి చెప్పాలనిపించింది. బారెడు పొడవున్న థర్మోకోల్ విమానాన్ని గాల్లోకి లేపడానికి ఒక ఇంజనీరింగ్ కాలేజీ కాలేజీ అంతా ఎంత పెద్ద అబద్ధం ఆడవలసి వచ్చిందో వినండి.

రెండువేల సంవత్సరం దాటాక మా కోనసీమలో ఇంజనీరింగ్ కాలేజీలు తోటకొకటి చొప్పున వెలిశాయి. అమలాపురానికీ రాజోలుకీ మధ్య రోడ్డు పక్కన వెలిసిన అలాంటి ఒకదాంట్లో నేను వర్క్‌షాప్ సూపరింటెండెంటుని. పేరు చూసి భయపడకండి. ఒక లేతు, రెండు డ్రిల్లింగ్ మిషన్లు, నాలుగు వడ్రంగి బల్లలు, కొండంత కుప్ప విరిగిన కుర్చీలు. కాలేజీలో ఎక్కడ ఏ కుర్చీ కాలు విరిగినా నా దగ్గరికే వచ్చేది. దేశంలో సాంకేతిక విద్యకు నేను చేసిన సేవలో ముప్పాతిక భాగం ఆ కుర్చీలే.

మా ఛైర్మన్ గారు అంతకుముందు రొయ్యల చెరువుల్లో సంపాదించారు. మనిషి చెడ్డవారు కారు. ఆయనకున్నది ఒకటే జబ్బు, ప్రారంభోత్సవం. కాలేజీలోకి వచ్చిన ఏ వస్తువైనా ఆయన రిబ్బను కత్తిరించేదాకా వచ్చినట్టు లెక్క కాదు. జిరాక్స్ మిషనుకి రిబ్బను, సైకిలు స్టాండుకి రిబ్బను. వాటర్ కూలర్ వచ్చింది మంచి రోహిణీ కార్తెలో. అప్పుడు ఆయన ఊళ్లో లేరు. రిబ్బను కట్టి ఉంచిన కూలర్ ముందు నిలబడి పిల్లలు పంపు నీళ్లు తాగేవారు. ఒక పిల్లవాడు రిబ్బను కిందనుంచి చెయ్యి పెట్టి గ్లాసు పట్టుకున్నాడని సంజాయిషీ కూడా అడిగారు.

ప్రిన్సిపాల్ గారు గవర్నమెంటు కాలేజీలో రిటైరై మా దగ్గర మళ్లీ చేరినవారు. ఏమడిగినా "చూద్దామండీ" అనేవారు. కాలేజీ తగలబడుతోందని చెప్పినా ముందు "చూద్దామండీ" అని, ఆ తర్వాత ఛైర్మన్ గారికి ఫోన్ చేసి, ఆయన ఆర్పమంటే అప్పుడు నీళ్లు తెప్పించేవారు.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. మెకానికల్‌లో ఒక మేడం ఉండేవారు. పలివెల నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. కాంట్రాక్టు ఉద్యోగం. ఆ డిపార్టుమెంటులో కాంట్రాక్టు వాళ్లు ఇద్దరు, ఈవిడా, ఒక అబ్బాయీ. సీట్లు సరిగా నిండడం లేదు కాబట్టి ఏడాది చివర ఒకరిని పర్మినెంట్ చేసి ఇంకొకరికి దండం పెడతామని ఛైర్మన్ గారు ముందే చెప్పేశారు. ఆ అబ్బాయి సాయంకాలాలు ఛైర్మన్ గారి అబ్బాయితో వాలీబాల్ ఆడేవాడు. మేడంకి వాలీబాల్ రాదు. ఆవిడ జీతం మీద ఒక ఇల్లు నడుస్తోందని మా అందరికీ తెలుసు.

మేడం అన్నగారు మస్కట్‌లో ఏసీ మెకానిక్. చిన్నప్పటినుంచీ చెల్లెలికి విమానాల పిచ్చి అని తెలిసి, సెలవు మీద వస్తూ రిమోట్, చిన్న మోటారు, దాని బ్యాటరీ తెచ్చి ఇచ్చారట. విమానం మాత్రం తేలేదు. ఆవిడ ఆ సామానంతా చీర కవర్లో పెట్టుకుని నా వర్క్‌షాప్‌కి వచ్చి, "మేష్టారూ, విమానం మనం చేద్దామండీ" అన్నారు. నేను అప్పుడు ఒక కుర్చీకి మేకు కొడుతున్నాను. ఆ మేకు సగంలోనే వదిలేశాను.

ఆవిడ వెళ్లి ఛైర్మన్ గారితో ఒప్పందం చేసుకున్నారు. ఎంట్రన్సు రాసిన పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ కాలేజీ చూడ్డానికి వచ్చే రోజున, మన వర్క్‌షాపులో తయారైన విమానం ఎగరేసి చూపిస్తే సీట్లు నిండుతాయని చెప్పారు. ఛైర్మన్ గారికి నచ్చింది.

"ఎగిరిందంటే పర్మినెంటు ఆర్డరు నీదేనమ్మా. ఎగరలేదనుకో, మరి ఇంక నేనేం చెయ్యలేను," అన్నారు.

"ఆయ్, అలాగేనండి," అన్నారు మేడం.

థర్మోకోల్ ఎక్కడ దొరుకుతుందన్నది మా వైపు సమస్యే కాదు. ఛైర్మన్ గారి రొయ్యల పెట్టెలే గుట్టలుగా పడి ఉండేవి. హీటరు తీగని వేడిచేసి ఆ పెట్టెల్లోంచే రెక్కలు కోశాం. ఎన్నిసార్లు కడిగినా వాసన మాత్రం పోలేదు. ఆ సంగతి మాకంటే ముందు కాకులు కనిపెట్టాయి. దాళ్వా వరి కోతలయ్యాక కాలేజీ వెనక చేలో మొదటిసారి విసిరితే విమానం బురద గుంటలో ముక్కు పెట్టింది. రెండోసారి పైకి లేచింది గాని, ఊళ్లో కాకులన్నీ దాని వెంటపడి కొబ్బరిచెట్టులోకి తరిమేశాయి. కొబ్బరి దింపు తీసేవాణ్ని పిలిపించి, కాయలతో పాటు విమానాన్నీ దింపించాం. అతను కూడా వాసన చూసి, "ఇది వండుతారాండీ?" అని అడిగాడు. తర్వాత దానిమీద రంగు కాగితం అంటించాం. కాకులకి ఆసక్తి తగ్గింది.

మేడం ఒకటే మాట పదే పదే చెప్పేవారు. "ముక్కు రవ్వంత కిందికి వాలాలండి మేష్టారూ. తోక బరువైందంటే ఇంక అది మన మాట వినదండి." రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తి, బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరుపుతూ గంటలకి గంటలు సరిచేసేవారు. నేనూ ఆ వేళ్ల వైపే చూస్తూ కూర్చునేవాణ్ని.

ఒక రోజు పొద్దున్నే, ఆకు కూడా కదలడం లేదు, నేను విసిరాను. మోటారు ఈగలా గీపెడుతుంటే విమానం చేను దాటి, కాలవ గట్టు మీదుగా వంపు తిరిగి, మళ్లీ మా నెత్తి మీదికి వచ్చింది. ఇంకో చుట్టు. ఇంకోటి. మేడం పెదవి బిగబట్టి ఉన్నారు, బొటనవేళ్లు మాత్రం కదులుతున్నాయి. నాకు కళ్లమ్మట నీళ్లు వచ్చేశాయి. పాతికేళ్లుగా విరిగినవి అతికించడమే నా బతుకు. నా చేతులతో చేసినదొకటి నేలని వదిలిపెట్టి వెళ్లి మళ్లీ తిరిగి రావడం అదే మొదటిసారి. అంత సంతోషం నా పెళ్లినాడు కూడా పడలేదని ఇంట్లో చెప్పలేదు లెండి.

ఇంతవరకూ కథ సజావుగానే ఉంది. తల్లిదండ్రులొచ్చే రోజుకి ముందురోజు సాయంత్రం ఛైర్మన్ గారు ఏర్పాట్లు చూడ్డానికి వచ్చారు. షామియానా చూశారు, కుర్చీలు చూశారు. చివరికి, "రిమోట్ ఎప్పుడిస్తారు నాకు?" అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు.

"అదేంటండీ, ప్రారంభోత్సవం నేనే కదండీ చెయ్యాలి? విమానం నేనే ఎగరేస్తాను."

"సార్, కొంచెం అలవాటు కావాలండి. నేను చాలా రోజులు ప్రాక్టీసు చేసేనండి," అన్నారు మేడం మెల్లగా.

"ఓసి పిచ్చి తల్లీ! వరదల్లో గోదావరి మీద లాంచీ నడిపిన చెయ్యమ్మా ఇది," అని ఆయన ఆ చెయ్యి మాకందరికీ చూపించి కారెక్కేశారు.

నిజం చెప్పేస్తే పోయేది కదా అని మీరనొచ్చు. మీరు మా వైపు పుట్టి ఉండరు. మేము భోజనానికి కూర్చున్నవాడు చాలు చాలని మొత్తుకుంటున్నా వడ్డించే మనుషులం. పెద్దమనిషి మొహం మీద "మీకు రాదండి" అని చెప్పడం మా నోటికి రాదు. ప్రాణం మీదికొచ్చినా ముందు "ఆయ్" అంటాం, తర్వాత పక్కకి వెళ్లి ఏం చెయ్యాలో ఆలోచిస్తాం. అలాగే పక్కకి వెళ్లాం. ప్రిన్సిపాల్ గారి గదిలో ముగ్గురం కూర్చున్నాం.

"ఆయన చేతికిస్తే రెప్పపాటులో నేలమీద ఉంటుందండి," అన్నారు మేడం.

"ఇవ్వకపోతే మనం రోడ్డుమీద ఉంటామండి," అన్నారు ప్రిన్సిపాల్ గారు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆయన జీవితంలో మొట్టమొదటిసారి ఒక నిర్ణయం తీసుకున్నారు. "రిమోట్ ఆయన చేతిలో ఉండాలి. విమానం మీ చేతిలో ఉండాలి. మేష్టారూ, అచ్చం అలాంటి పెట్టె చెక్కతో చెయ్యగలరా అండీ?"

చేశాను. మూల పడి ఉన్న మామిడి చెక్క, నల్లరంగు, పాడైన ట్రాన్సిస్టర్ ఏరియల్, తిప్పడానికి రెండు బోల్టులు, ఒక ఎర్ర బల్బు. పని బాగా కుదిరిందని ఒప్పుకోవాలి. ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో అంత శ్రద్ధగా తయారైన వస్తువు ఇంకోటి లేదు.

మర్నాడు పంతులుగారు విమానానికి పసుపు కుంకుమ పెట్టి, దిష్టి తగలకుండా తోకకి నిమ్మకాయ కట్టబోయారు. తోక బరువన్న మాట చెవిలో మోగి, "నిమ్మకాయ కావాలంటే నా మెళ్లో కట్టండి, దానికి వద్దండి," అని బతిమాలాను. ఆయన విమానం ముక్కు మీద పెద్ద బొట్టుతో సరిపెట్టుకున్నారు. మేడం అసలు రిమోట్ పట్టుకుని వర్క్‌షాప్ డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు వెనక నిలబడ్డారు. షామియానా ముఖం చేలవైపు, వర్క్‌షాప్ అందరి వీపుల వెనక. ఆకాశంలో విమానం తిరుగుతుంటే వెనక్కి తిరిగి నీళ్ల ట్యాంకుని చూసేవాడెవడు?

రిబ్బను కత్తిరించారు. నేను చెయ్యెత్తి విసిరాను. విమానం లేచింది. జనం కేకలు. ఛైర్మన్ గారు బోల్టుని ఎడమకి తోస్తే విమానం కుడికి తిరిగింది. "కొంచెం మొండిదండీ, అయినా మాట వింటోంది," అన్నారు. పైకి లాగితే కిందికి వచ్చింది. "గాలి ఉందండి పైన," అన్నారు. ఇంతలో ఆయన జేబులో సెల్‌ఫోన్ మోగింది. మామిడి చెక్కని చంకలో పెట్టుకుని రొయ్యల ధర మాట్లాడడం మొదలుపెట్టారు. విమానం పాపం అంత అందంగా ఎప్పుడూ తిరగలేదు. ఫోన్ పెట్టేసి పైకి చూసి, "ఇప్పుడు దించుతున్నానండి," అన్నారు. మేడం దాన్ని తెచ్చి సరిగ్గా ఆయన చెప్పుల ముందు దించారు.

ఈలలు, చప్పట్లు. ఒక తండ్రి అక్కడికక్కడే కొడుక్కి సీటు రాయించుకున్నాడు. ప్రిన్సిపాల్ గారు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. డాబా దిగి వచ్చిన మేడం చెమటతో తడిసిపోయి ఉన్నారు, కానీ నవ్వుతున్నారు. "ఆర్డరు వచ్చినట్టేనా అండి మేష్టారూ?" అన్నారు. వచ్చినట్టేనమ్మా అన్నాను. విమానం ఎగిరింది కదా మరి.

ఆ తర్వాత ఛైర్మన్ గారు ప్రిన్సిపాల్ గారిని పిలిపించి మాట్లాడిన మాటలు, ప్రిన్సిపాల్ గారు మాకు చెప్పినట్టే చెబుతాను.

"విమానమంటే ఏదో బ్రహ్మవిద్య అనుకున్నానండీ. ఒక్క రోజు నేర్చుకోకుండా నేను ఎగరేసేను. ఫోన్ మాట్లాడుతూ కూడా ఎగరేసేను. నాకే వచ్చేసినదానికి ఆవిడకి పర్మినెంటు పోస్టు ఎందుకండీ? ఆ కుర్రాడికి ఇచ్చేద్దాం. వాడు కనీసం వాలీబాల్ ఆడిస్తాడు."

ప్రిన్సిపాల్ గారు ఏమన్నారని అడిగాను. "చూద్దామండీ అన్నానండి," అన్నారు.

మేడం ఆ మాట వర్క్‌షాపులో నా ఎదురుగానే విన్నారు. ఏడవలేదు. కోపం వచ్చింది, ఆ కోపం చూసి నాకు భయం వేసింది. "ఎగరకపోతే ఉద్యోగం పోతుందన్నారు. ఎగిరినందుకు పోయింది. ఇంత బాగా ఎగరేసి ఉండకూడదండి నేను. రెండుసార్లు కింద పడెయ్యాల్సిందండి," అన్నారు. నేను ఒక కుర్చీ తీసి మేకు కొట్టాను. తప్పు మేకు తప్పు చోట దిగింది.

ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్లు మీరు. పని చక్కగా చెయ్యండని మీకు అందరూ చెబుతారు. చెయ్యండి. కాని నీళ్ల ట్యాంకు వెనక నిలబడి మాత్రం చెయ్యకండి.

ఇక్కడితో అయిపోయేదే. కానీ ఛైర్మన్ గారికి విమానం తలకెక్కింది. ఊరంతా చెప్పుకున్నారు. చివరికి వాయుసేనలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన్ని కాలేజీకి ముఖ్య అతిథిగా పిలిచేశారు. ఆయన ఎదుట తానే స్వయంగా విమానం ఎగరేస్తానని మాట ఇచ్చేశారు. ప్రిన్సిపాల్ గారికి ఆ రాత్రి జ్వరం వచ్చిందని విన్నాను. మర్నాడు మేడం దగ్గరికి వచ్చారు.

"ఈ ఒక్కసారి డాబా ఎక్కండమ్మా. మీ పర్మినెంటు సంగతి మళ్లీ మాట్లాడతాను."

"పర్మినెంటంటే ఎక్కడండీ? ఆ ట్యాంకు వెనకాలేనా?" అన్నారు మేడం.

ప్రిన్సిపాల్ గారు నేల చూశారు. తర్వాత చాలా మర్యాదగా, చాలా బాధపడుతూ, మంచి సర్టిఫికెట్టు లేకపోతే వేరే కాలేజీలో చేరడం కష్టమనీ, దానిమీద సంతకం పెట్టేది ఛైర్మన్ గారేననీ గుర్తుచేశారు. మా వైపు బెదిరింపులు కూడా గారూ అండీ పెట్టే చేస్తారు.

మేడం బల్లమీది రిమోట్ తీసి కవర్లో పెట్టుకున్నారు. "వస్తానండి," అన్నారు చివరికి.

ఆ రోజు జనం మొదటిసారి కంటే ఎక్కువ వచ్చారు. పెద్దాయన మొదటి వరసలో నిటారుగా కూర్చున్నారు. ఛైర్మన్ గారు మామిడి చెక్క పట్టుకుని మైకు ముందు నిలబడ్డారు. నేను విమానం ఎత్తి పట్టుకుని డాబా వైపు చూశాను. ట్యాంకు ఉంది. మేడం లేరు. ప్రిన్సిపాల్ గారూ అటే చూశారు. ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. నేను బాగుచేసిన కుర్చీయే, అందుకే విరగలేదు.

"ఏంటండీ ఆలస్యం? వదలండి," అన్నారు ఛైర్మన్ గారు నాతో, ఎర్ర బల్బు వెలిగించి.

అప్పుడు షామియానా పక్కనుంచి మేడం నడిచి వచ్చారు. కొత్త చీర కాదు, రోజూ కాలేజీకి కట్టుకొచ్చేదే. చేతిలో అసలు రిమోట్, ఏరియల్ మొత్తం బయటికి లాగి ఉంది, ఎండలో మెరుస్తోంది. తిన్నగా వచ్చి ఛైర్మన్ గారి పక్కన, మూరెడు దూరంలో నిలబడ్డారు. నా వైపు చూసి తల ఊపారు.

నేను విసిరాను. విసరకుండా ఉండొచ్చు కదా అని తర్వాత ప్రిన్సిపాల్ గారు అడిగారు. ఉండలేకపోయానండి అన్నాను.

విమానం లేచింది. అంతా చూస్తూనే ఉన్నారు. మేడం బొటనవేలు ఎటు వంగితే అది అటు తిరుగుతోంది. మొదటి వరసలో పిల్లలు విమానాన్ని వదిలేసి ఆవిడ చేతుల్ని చూడడం మొదలుపెట్టారు. ఛైర్మన్ గారు కాసేపు బోల్టులు తిప్పారు. తర్వాత తిప్పడం మానేశారు. విమానం మానలేదు.

పెద్దాయన లేచి వచ్చారు. ముందు మేడంని చూశారు. "నడుపుతున్నది మీరా అమ్మా?"

"ఆయ్, నేనేనండి."

ఆయన ఛైర్మన్ గారి చేతిలోని పెట్టె అందుకుని, అటూ ఇటూ తిప్పి, బరువు చూసి, "మరి ఇదేంటండీ?" అన్నారు. మైకు దగ్గరే ఉంది. ఆ మాట చివరి వరస దాకా వినిపించింది. ఛైర్మన్ గారు ప్రిన్సిపాల్ గారి వైపు చూశారు. ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. నా వెనక చేను తప్ప చూడ్డానికి ఎవరూ లేరు.

"మామిడి చెక్కండి," అన్నాను.

పెద్దాయన నవ్వలేదు. నవ్వితే బాగుండేది. ఛైర్మన్ గారి వైపు తిరిగి, "ఈ అమ్మాయి మీ కాలేజీలోనే పనిచేస్తోందా అండీ? ఎన్నాళ్లుంటుంది ఇక్కడ?" అని మాత్రం అడిగారు.

అన్ని వందల మంది తల్లిదండ్రులు, అన్ని సీట్లు, అంత మైకు. ఛైర్మన్ గారు జనం వైపు చూశారు. రొయ్యల చెరువుల్లో ఎన్ని తెగుళ్లు చూసి తట్టుకున్నారో గాని, మనిషి వెంటనే తేరుకున్నారు.

"ఎన్నాళ్లంటారేంటండీ! మా పర్మినెంటు స్టాఫండి ఆవిడ," అన్నారు, మైకులోకి, గట్టిగా.

చప్పట్లు మోగాయి. మేడం మాత్రం అటు తిరగలేదు. విమానం కాలవ గట్టు మీదుగా వంపు తిరిగి వస్తోంది.

"ఆర్డరు ఇంకా నా చేతికి రాలేదండి," అన్నారావిడ, కళ్లు పైనుంచి దించకుండానే, అదే మైకులో వినపడేలా.